టెస్టులన్నీ నార్మల్, ఒళ్లు మాత్రం సహకరించదు: సొమాటోఫార్మ్ సమస్యలతో అమెరికాలో డిజబిలిటీకి అప్లై చేయడం ఎలా

స్కాన్ బాగుంది, రక్తపరీక్ష బాగుంది, నరాల డాక్టరు కూడా ఏమీ లేదన్నారు. అయినా నొప్పి తగ్గదు, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఉన్నట్టుండి మూర్ఛలాంటిది వస్తుంది, ఉద్యోగం పోతుంది. ఈ స్థితిలో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "రిపోర్టుల్లో ఏమీ లేనప్పుడు డిజబిలిటీ ఎవరిస్తారు?"

జబ్బుతో పని చేయలేనివాళ్లకు నెలనెలా డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ, సోషల్ సెక్యూరిటీ, ఇస్తుంది. వాళ్ల మానసిక వ్యాధుల లిస్టింగుల్లో (ఏ జబ్బు ఏ స్థాయిలో ఉంటే డిజబిలిటీ ఇస్తారో చెప్పే పట్టికల్లో) 12.07 అనేది ఇలాంటి సమస్యల కోసమే ఉంది. అయితే ఫైలు ఎలా తయారు చేయాలో తెలియక చాలామంది మొదటి మెట్టు మీదే ఆగిపోతారు. నొప్పి నిజమేనని ఒప్పించడానికే శక్తంతా పెట్టేస్తారు. అధికారి చూసేది వేరు. ఆ నొప్పితో మీరు రోజుకు 8 గంటలు, వారానికి 5 రోజులు, నెలల తరబడి పని చేయగలరా లేదా అన్నదే ఆయనకు కావాలి. కింద చెప్పే ప్రతి పనీ ఆ ప్రశ్నకు జవాబు తయారు చేసుకోవడానికే.

1. మీ చార్టులో ఏ పేరు రాసుందో చూసుకోండి

సొమాటోఫార్మ్ అనేది పాత పేరు. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 (మానసిక వ్యాధుల నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకం) దాన్ని తీసేసి "సొమాటిక్ సింప్టమ్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్" అని పెట్టింది. సోషల్ సెక్యూరిటీ కూడా 2017 జనవరి 17 నుంచి కొత్త పేరే వాడుతోంది. పాత రికార్డుల్లో పాత పేరు ఉంటే కంగారేమీ అక్కర్లేదు.

మీ చార్టులో సాధారణంగా వీటిలో ఒకటి కనిపించాలి:

- సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్: నొప్పి, నీరసం లాంటి లక్షణాలు ఉండి, వాటి గురించిన ఆలోచనలు, భయం, ప్రవర్తన రోజంతా ఆక్రమించేయడం.
- ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్: లక్షణాలు పెద్దగా లేకున్నా పెద్ద జబ్బు ఉందనో, వస్తుందనో విడవని భయం.
- కన్వర్షన్ డిజార్డర్: కాళ్లూ చేతులూ పడిపోవడం, వణుకు, చూపు మందగించడం, మూర్ఛలాంటి ఎటాకులు. నరాల డాక్టర్లు దీన్ని ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటారు.

"ఒళ్లు నొప్పులు, కారణం తెలియదు" అని మాత్రమే ఉంటే అది లక్షణమే కానీ రోగనిర్ధారణ కాదు. లక్షణాల మీద మాత్రమే సోషల్ సెక్యూరిటీ కేసు నిలబడదు. ఎండీ, సైకాలజిస్టు లాంటి అర్హత ఉన్న వైద్యులు పరీక్షించి తేల్చిన జబ్బు ఉండాలి. 2017 మార్చి 27 తర్వాత వేసిన దరఖాస్తులకు నర్స్ ప్రాక్టీషనర్లు, ఫిజిషియన్ అసిస్టెంట్లు కూడా తమ లైసెన్సు పరిధిలో ఈ లెక్కలోకి వస్తారు. కౌన్సెలర్, ఫిజియోథెరపిస్టు రాసిన నోట్సు మీ పరిమితులు చూపించడానికి బాగా పనికొస్తాయి కానీ, జబ్బు ఉందని నిర్ధారించడానికి అవి మాత్రమే చాలవు.

2. ఎస్‌ఎస్‌డీఐనా, ఎస్‌ఎస్‌ఐనా?

ఇవి సోషల్ సెక్యూరిటీ ఇచ్చే రెండు డిజబిలిటీ పథకాలు. వైద్యపరమైన నిబంధన రెండింటికీ ఒకటే. జబ్బు కనీసం 12 నెలలు ఉండాలి, లేదా ఉంటుందని తేలాలి. డబ్బు లెక్క మాత్రం వేరు.

ఎస్‌ఎస్‌డీఐ మీరు ఉద్యోగం చేసి కట్టిన పన్ను మీద వస్తుంది. మామూలుగా 40 వర్క్ క్రెడిట్లు (సంపాదనను బట్టి మీ ఖాతాలో చేరే పాయింట్లు) కావాలి, అందులో 20 గత 10 ఏళ్లలోవి అయి ఉండాలి. చిన్న వయసువాళ్లకు తక్కువ సరిపోతాయి. ఏడాదికి 4 క్రెడిట్లకు మించి రావు. ఇండియాలో చేసిన ఉద్యోగం ఇందులో కలవదు, ఎందుకంటే రెండు దేశాల మధ్య అలా కలిపి లెక్కించే ఒప్పందం లేదు.

ఎస్‌ఎస్‌ఐ తక్కువ ఆదాయం, తక్కువ ఆస్తి ఉన్నవాళ్లకు. లెక్కలోకి వచ్చే ఆస్తి ఒకరికి 2,000 డాలర్లు, దంపతులకు 3,000 డాలర్లు దాటకూడదు. పౌరసత్వం లేనివాళ్లకు షరతులు ఇంకా గట్టివి. గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు ఎస్‌ఎస్‌ఐ దానంతటదే వచ్చేస్తుందని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. రాదు.

ఇప్పుడు ఎంతో కొంత పని చేస్తున్నారా? నెల సంపాదన ఒక పరిమితి (2025లో అది 1,620 డాలర్లు) దాటితే, వైద్య రికార్డు తెరవకుండానే దరఖాస్తు ఆగిపోతుంది. ఈ అంకె ఏటా మారుతుంది కాబట్టి అప్లై చేసే ఏడాది లెక్క చూసుకోండి.

ఇంకొక్కటి, చాలామంది అడగడం మర్చిపోయేది: "డేట్ లాస్ట్ ఇన్‌ష్యూర్డ్". ఉద్యోగం మానేశాక మీ ఎస్‌ఎస్‌డీఐ రక్షణ కొన్నేళ్లకు ముగుస్తుంది. ఆ తేదీకి ముందే డిజబిలిటీ మొదలైందని రికార్డు చూపించాలి. తగ్గుతుందేమోనని ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. ఈ రోజే అడిగి ఆ తేదీ రాసిపెట్టుకోండి.

3. లిస్టింగ్ 12.07 ఏం అడుగుతుంది

రెండు భాగాలు, రెండూ కుదరాలి.

మొదటిది "ఏ" (A) భాగం. వైద్య రికార్డులో ఈ మూడింటిలో ఒకటైనా ఉండాలి: మరో జబ్బుతో సరిగా వివరించలేని కదలిక లేదా స్పర్శ లోపాలు; బాధపెట్టే శారీరక లక్షణాలు, వాటి చుట్టూ మితిమీరిన ఆలోచనలు, ప్రవర్తన; చెప్పుకోదగ్గ లక్షణాలు లేకున్నా తీవ్రమైన జబ్బు గురించి అదే ధ్యాస. నిర్ధారణ సరిగా రాసుంటే ఈ భాగం పెద్ద కష్టం కాదు.

రెండోది "బీ" (B) భాగం. కేసులు గెలిచేదీ ఓడేదీ దీని మీదే. నాలుగు రంగాలు చూస్తారు:

- విషయాన్ని అర్థం చేసుకుని, గుర్తుపెట్టుకుని, వాడుకోవడం
- ఇతరులతో మెలగడం
- ఏకాగ్రత, పట్టు, వేగం నిలబెట్టుకోవడం
- మార్పులకు సర్దుకోవడం, తనను తాను చూసుకోవడం

ఒక రంగంలో "ఎక్స్‌ట్రీమ్", లేదా రెండు రంగాల్లో "మార్క్‌డ్" పరిమితి ఉండాలి. మార్క్‌డ్ అంటే ఆ పనిని సొంతంగా, సక్రమంగా, నిలకడగా చేయడం బాగా కష్టమని. ఎక్స్‌ట్రీమ్ అంటే అలా చేయడమే కుదరదని. డాక్టర్లు అలవాటుగా రాసే "మోడరేట్" లిస్టింగుకు చాలదు.

నేను చూసినంతలో ఈ జబ్బులవాళ్లకు మూడో, నాలుగో రంగాలే బలంగా ఉంటాయి. నొప్పి మీద ధ్యాసతో పది నిమిషాలకోసారి పని ఆగిపోవడం, గుండె దడ రాగానే ఎమర్జెన్సీకి పరుగెత్తడం, ఎటాక్ వచ్చిన రోజు స్నానం కూడా చేయలేకపోవడం వీటి కిందికే వస్తాయి. మొదటి రంగంలో చాలామందికి పెద్ద లోపం ఉండదు. లేనిదాన్ని ఉందని రాయబోతే మిగతా రంగాల్లో చెప్పిన నిజాన్ని కూడా నమ్మరు.

ఇతర మానసిక లిస్టింగుల్లో కొన్నింటికి ఉండే సీ భాగం, అంటే రెండేళ్లకు పైగా చికిత్సలో ఉన్నవాళ్లకు దొరికే ప్రత్యామ్నాయ దారి, 12.07కి లేదు.

4. వైద్య రికార్డు గట్టిగా తయారు చేసుకోవడం

తొందరపడకుండా చేయాల్సిన పని ఇది. ఫారాలు ఒక వారాంతంలో నింపొచ్చు. రికార్డు తయారవడానికి నెలలు పడుతుంది.

మొదటి అడ్డంకి మనలోనే ఉంటుంది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లమంటే "నాకేం పిచ్చా? నొప్పి నడుములో ఉంది" అంటాం. నొప్పి నడుములోనే ఉంది, ఎవరూ కాదనడం లేదు. కానీ 12.07 మానసిక వ్యాధుల లిస్టింగు. దానికి కావాల్సిన మాటలు ఎముకల డాక్టరు చార్టులో దొరకవు. మానసిక చికిత్స అసలు తీసుకోని ఫైలు చూసిన అధికారికి, సమస్య అంత తీవ్రమైతే వైద్యం ఎందుకు చేయించుకోలేదన్న అనుమానం వస్తుంది. ఖర్చు భరించలేకనో, ఇన్సూరెన్స్ లేకనో మానేసి ఉంటే ఆ సంగతి చార్టులోనూ, ఫారంలోనూ రాయించండి. అది చెల్లుబాటయ్యే కారణం. ఏమీ రాయకుండా వదిలేస్తే మాత్రం మీకు ఎదురు తిరుగుతుంది.

రెండోది భాష. "ఒంట్లో బాగుండట్లేదు", "ఒళ్లంతా లాగేస్తోంది", "గుండె దడదడలాడుతోంది" అని మనం చెప్పేది ఇంగ్లీషు చార్టులోకి వెళ్లేసరికి ఒంటిముక్క అయిపోతుంది. ఎక్కడ, ఎంతసేపు, వారంలో ఎన్నిసార్లు, వచ్చినప్పుడు ఏ పని ఆగింది, ఈ నాలుగూ ప్రతి అపాయింట్‌మెంట్‌లో చెప్పండి. "ఎలా ఉన్నారు?" అని డాక్టరు అడగ్గానే మర్యాద కొద్దీ "బాగానే ఉన్నానండీ" అనే అలవాటు మానుకోండి. ఆ ఒక్క మాట "పేషెంట్ డూయింగ్ వెల్" అయి కూర్చుంటుంది.

మూడోది, కన్వర్షన్ రకం సమస్య ఉన్నవాళ్లకు: మిగతా పరీక్షలన్నీ నార్మల్ కాబట్టి ఇదేనని తేల్చే జబ్బు కాదిది. పరీక్షలో కనిపించే గుర్తులుంటాయి. ఉదాహరణకు హూవర్ గుర్తు: బలహీనమైన కాలిని నేరుగా కిందికి నొక్కమంటే శక్తి ఉండదు, రెండో కాలు పైకెత్తినప్పుడు మాత్రం అదే కాలు మామూలుగా కిందికి నొక్కుతుంది. మూర్ఛలాంటి ఎటాకులకు వీడియో ఈఈజీ ఉంటుంది. ఎటాక్ వస్తున్నా మెదడు తరంగాల్లో మూర్ఛ లక్షణం లేదని అది రికార్డు చేస్తుంది. ఇవి చేయించి ఉంటే ఆ రిపోర్టులు తప్పకుండా ఫైల్లో పెట్టించండి. మీ కేసులో కంటికి కనిపించే సాక్ష్యం ఇదే.

నాలుగోది డాక్టరు లేఖ. "ఈ పేషెంట్ డిజబుల్డ్, పని చేయలేరు" అన్న ఒక్క వాక్యానికి విలువ లేదు. ఆ నిర్ణయం సోషల్ సెక్యూరిటీది, డాక్టరుది కాదు. పైగా 2017 మార్చి తర్వాతి దరఖాస్తుల్లో మీకు వైద్యం చేసే డాక్టరు మాటకు ప్రత్యేకమైన మొగ్గు కూడా లేదు. ఆ అభిప్రాయానికి ఆయన నోట్సు ఆధారం ఇస్తున్నాయా, మిగతా రికార్డుతో అది పొసగుతుందా అన్నవే ముఖ్యంగా చూస్తారు.

లేఖలో ఉండాల్సినవి:

- నిర్ధారణ, ఎప్పటి నుంచి చూస్తున్నారు, ఎంత తరచుగా
- పరీక్షలో ఏం గమనించారు
- ఏ చికిత్సలు ఇచ్చారు, ఎంతవరకు పనిచేశాయి
- బీ భాగంలోని నాలుగు రంగాల్లో ఒక్కోదానికి పరిమితి స్థాయి, దానికి ఒక ఉదాహరణ
- ఆపకుండా ఎంతసేపు కూర్చోగలరు, నిలబడగలరు
- నెలకు సుమారు ఎన్ని రోజులు పనికి రాలేకపోవచ్చు
- లక్షణాలు కావాలని చేస్తున్నవి కావని డాక్టరు భావిస్తే, ఆ మాట స్పష్టంగా

5. రోజువారీ డైరీ

రోజుకు మూడు నాలుగు లైన్లు చాలు. తేదీ, లక్షణం, ఎంతసేపు, దానివల్ల ఆగిన పని, ఎవరు సాయం చేశారు. మంచి రోజులు కూడా రాయండి. నెలంతా నరకమే అని రాసిన డైరీ కంటే, "నిన్న గంటసేపు బయటికి వెళ్లాను, ఈ రోజంతా పడుకున్నాను" అని రాసిన డైరీని నమ్ముతారు.

6. ఫారాలు, వాటి వరుస

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనో, ఫోన్‌లోనో, ఆఫీసులోనో వేయొచ్చు. అప్లై చేస్తున్నానని ముందుగా తెలియజేసి తేదీ నమోదు చేయించుకుంటే, మిగతా కాగితాలు సమకూర్చుకునే లోపు ఆ తేదీ మీకు కాపాడబడుతుంది. దుబాసీని సోషల్ సెక్యూరిటీయే ఉచితంగా ఇస్తుంది, అడగండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి చెప్పించొద్దు. తల్లి స్నానం చేయలేకపోతోందన్న మాట కొడుకు నోట తడబడుతుంది.

వరుస ఇలా ఉంటుంది:

1. ఎస్‌ఎస్‌ఏ-16: ఎస్‌ఎస్‌డీఐ దరఖాస్తు
2. ఎస్‌ఎస్‌ఏ-3368: జబ్బులు, డాక్టర్లు, మందుల వివరాలు
3. ఎస్‌ఎస్‌ఏ-827: రికార్డులు తెప్పించుకోవడానికి అనుమతి
4. ఎస్‌ఎస్‌ఏ-3369: చేసిన ఉద్యోగాలు. 2024 జూన్ నుంచి గత 5 ఏళ్లవే లెక్క
5. ఎస్‌ఎస్‌ఏ-3373: మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పే ఫంక్షన్ రిపోర్టు
6. ఎస్‌ఎస్‌ఏ-3380: అదే విషయం మీ గురించి బాగా తెలిసినవాళ్లు రాసేది

3368లో శారీరక జబ్బులు మాత్రమే రాసి ఊరుకోవద్దు. సొమాటిక్ డిజార్డర్, డిప్రెషన్, యాంగ్జైటీ, నిద్ర సమస్య అన్నీ రాయండి. అన్నీ కలిపి మీ మీద చూపే ప్రభావాన్ని వాళ్లు లెక్కలోకి తీసుకోవాలి.

అసలు జాగ్రత్త 3373తోనే. మా బంధువుల్లో ఒకావిడ "వంట చేస్తారా?" అన్నదానికి "అవును", "షాపింగ్?" అన్నదానికి "అవును" అని టిక్కులు పెట్టి పంపేసింది. అబద్ధమేమీ కాదు. తిరస్కరణ పత్రంలో ఆ రెండు జవాబులే ఆమెకు ఎదురుగా నిలబడ్డాయి. ఆవిడ వంట అంటే కుక్కర్ పెట్టి సోఫాలో పడుకోవడం, కూరలు తరిగేది భర్త. అప్పీలులో రాసిన జవాబు ఇది: "వారంలో రెండు మూడు రోజులు అన్నం మాత్రం పెడతాను. పది నిమిషాలు నిలబడితే కాళ్లు వణుకుతాయి. రెండుసార్లు స్టవ్ ఆపడం మర్చిపోయాను, అప్పటి నుంచి ఒంటరిగా వంట చేయనివ్వడం లేదు."

ప్రతి ప్రశ్నకూ అలాగే రాయండి: చేస్తారా, ఎంతసేపు, ఎన్నిసార్లు, ఎవరి సాయంతో, చేశాక ఏమవుతుంది.

7. వాళ్లు పంపే పరీక్ష

మీ రికార్డు చాలకపోతే రాష్ట్ర డిజబిలిటీ విభాగం తన ఖర్చుతో ఒక డాక్టరు దగ్గరికి పంపుతుంది. శారీరక పరీక్ష మాత్రమే పెట్టి ఉంటే, మానసిక పరీక్ష కూడా పెట్టమని రాతపూర్వకంగా అడగండి. ఆ పరీక్ష చిన్నది, ఆ డాక్టరు మీకు వైద్యం చేయరు. తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోతే ఆ కారణంతోనే తిరస్కరించవచ్చు.

ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ చేయొద్దు. మామూలుగా కర్ర వాడకపోతే ఆ రోజు పట్టుకెళ్లొద్దు. ఎవరు తీసుకొచ్చారో, రాత్రి నిద్ర పట్టిందో లేదో అడిగితే ఉన్నది చెప్పండి.

8. లిస్టింగు కుదరకపోయినా కేసు మిగిలే ఉంటుంది

12.07లో నిలవని కేసు అక్కడితో అయిపోదు. తర్వాత మీ "రెసిడ్యువల్ ఫంక్షనల్ కెపాసిటీ" లెక్కేస్తారు. అంటే ఇంత ఇబ్బందిలోనూ మీరు చేయగల గరిష్ఠ పని ఎంత అని. దాంతో పాత ఉద్యోగం చేయగలరా, అమెరికాలో ఉన్న ఇంకేదైనా పని చేయగలరా అని చూస్తారు. లేఖలో పనికి రాలేని రోజుల సంఖ్య, ఆపకుండా ఎంతసేపు కూర్చోగలరో, నిలబడగలరో రాయించమన్నది ఇక్కడ పనికొస్తుంది. తరచూ సెలవు పెట్టేవాళ్లను, మధ్యమధ్యలో పని ఆపేవాళ్లను ఏ యజమాని ఉంచుకుంటాడని విచారణలో ఉద్యోగ నిపుణుణ్ని అడగవచ్చు.

శారీరక పరిమితులు కూడా నిరూపణ అయితే 50, 55 ఏళ్లు దాటినవాళ్లకు నిబంధనలు కొంత అనుకూలంగా ఉంటాయి. ఇంగ్లీషు రాకపోవడం మాత్రం 2020 ఏప్రిల్ నుంచి విడిగా లెక్కలోకి రావడం లేదు.

9. తరచూ జరిగే పొరపాట్లు

*డాక్టర్లను మారుస్తూ పోవడం.* నెలకో కొత్త స్పెషలిస్టును చూస్తే ఎవరి నోట్సులోనూ మీ కథ పూర్తిగా ఉండదు. ఒక ప్రైమరీ డాక్టరు, ఒక మానసిక వైద్యుడు, వీళ్లిద్దరినీ పట్టుకుని ఉండండి.

*"నాకు మానసిక సమస్య లేదు" అని ఫారంలో రాయడం.* దాంతో 12.07 తలుపు మీరే మూసేసినట్టు. "ఇది శరీరంలోని జబ్బని నా నమ్మకం. డాక్టర్లు మాత్రం ఈ నిర్ధారణ చేశారు" అని రాయొచ్చు. అది నిజాయితీగానూ ఉంటుంది, జబ్బు స్వభావానికీ సరిపోతుంది.

*ఎమర్జెన్సీ విజిట్లు దాచడం.* ఏమీ లేదని పంపించేశారన్న సిగ్గుతో చెప్పరు. నిజానికి ఆ విజిట్లే "మితిమీరిన ప్రవర్తన"కు రుజువు. తేదీలతో సహా ఇవ్వండి.

*సోషల్ మీడియా.* పెళ్లిలో పది నిమిషాలు నిలబడి నవ్విన ఫొటో కథంతా చెప్పదు. వివరణ ఇవ్వడానికి మీరు పక్కన ఉండరు కూడా.

*తిరస్కరణ రాగానే కొత్తగా అప్లై చేయడం.* పాత తేదీ పోతుంది, బకాయి (గడిచిన నెలలకు రావాల్సిన డబ్బు) పోతుంది, ఇన్‌ష్యూర్డ్ తేదీ దాటిపోయి ఉంటే కేసే పోవచ్చు. అప్పీలుకే వెళ్లండి.

10. తిరస్కరించారా? 60 రోజులు

మొదటి దరఖాస్తు తిరస్కరించడం మామూలు విషయం. నోటీసు అందిన రోజు నుంచి 60 రోజుల గడువు ఉంటుంది. నోటీసు మీద ఉన్న తేదీకి పోస్టు కోసం 5 రోజులు కలుపుతారు.

- రీకన్సిడరేషన్ (ఫైలును మళ్లీ పరిశీలించడం): ఎస్‌ఎస్‌ఏ-561, దాంతోపాటు ఎస్‌ఎస్‌ఏ-3441లో కొత్త వైద్య వివరాలు
- జడ్జి ముందు విచారణ: హెచ్‌ఏ-501
- అప్పీల్స్ కౌన్సిల్: హెచ్‌ఏ-520
- ఆ తర్వాత ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు

ఈ రకం కేసులకు విచారణే అసలు అవకాశం. మీ మాట విని, ప్రశ్నలు అడిగి నిర్ణయించే మనిషి మొదటిసారి ఎదురయ్యేది అక్కడే. లాయరును పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. గెలిస్తేనే ఫీజు: బకాయి మొత్తంలో 25 శాతం, లేదా సోషల్ సెక్యూరిటీ పెట్టిన పరిమితి (2024 నవంబరు చివర్లో దాన్ని 9,200 డాలర్లు చేశారు), ఏది తక్కువైతే అది.

విచారణకు ముందు చూసుకోవాల్సినవి:

- గత ఏడాది రికార్డులన్నీ చేరాయా? కొత్తవి విచారణకు కనీసం 5 పనిదినాల ముందు ఇవ్వాలి, లేదా వాటి గురించి తెలియజేయాలి
- డాక్టరు లేఖ తాజాదేనా, నాలుగు రంగాల గురించి ఉందా?
- 3373లో రాసింది, డైరీలో ఉన్నది, నోటితో చెప్పబోయేది ఒకటేనా?
- దుబాసీ కావాలని ముందే చెప్పారా?
- డిజబిలిటీ మొదలైందన్న తేదీకి చార్టులో ఆధారం ఉందా?

"మీకు నొప్పి ఎంత ఉంటుంది?" అని జడ్జి అడిగితే "పదికి పది, ఎప్పుడూ" అనకండి. నిన్న ఉదయం లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏం జరిగిందో చెప్పండి.

11. మంజూరయ్యాక

ఎస్‌ఎస్‌డీఐకి 5 పూర్తి నెలల నిరీక్షణ ఉంటుంది. డిజబిలిటీ జనవరి 10న మొదలైందని తేలిస్తే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఏమీ రాదు, జులై నుంచి లెక్క మొదలవుతుంది. దరఖాస్తు తేదీకి వెనక్కి 12 నెలల వరకు బకాయి రావచ్చు. ఎస్‌ఎస్‌ఐకి ఆ వెనుకటి బకాయి లేదు. ఎస్‌ఎస్‌డీఐ అర్హత మొదలైన 24 నెలలకు మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వస్తుంది.

ఆ తర్వాత రివ్యూలు ఉంటాయి. మెరుగయ్యే అవకాశం ఉందనుకుంటే సుమారు మూడేళ్లకోసారి, త్వరలోనే తగ్గుతుందనుకుంటే అంతకంటే ముందే చూస్తారు. ఈ జబ్బులు చికిత్సతో తగ్గే వీలుంది కాబట్టి మీ ఫైలు ఈ రెండింటిలో ఏదో ఒక వరుసలో పడే అవకాశమే ఎక్కువ. డబ్బు రావడం మొదలైందని అపాయింట్‌మెంట్లు మానేయకండి. డైరీ కూడా అలాగే రాస్తూ ఉండండి.